ఎనిమిది వేళ్ల లెక్క

పావురానికి కాలికి నాలుగు వేళ్లు. ముందుకు మూడు, వెనక్కి ఒకటి. రెండు కాళ్లకూ కలిపి ఎనిమిది. ఇందులో లెక్కపెట్టడానికేముంది అనిపిస్తుంది. కానీ హైదరాబాదులో జొన్నలు చల్లే ఏ కూడలిలోనైనా ఐదు నిమిషాలు నిలబడి, మెడల మీది నిగనిగల్ని వదిలేసి కాళ్ల వంక చూస్తే ఈ లెక్క తప్పడం మొదలవుతుంది. ఒకదానికి నడిమి వేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. గోరుండదు, కొస నున్నగా, పెన్సిల్ వెనకాల రబ్బరులా గుండ్రంగా ఉంటుంది. ఇంకోదానికి మూడు వేళ్లూ ఒకే ముద్దగా కలిసిపోయి, కట్టెకాలు పెట్టినట్టు టకటకా నడుస్తుంది. మరోదాని ఎర్రటి పాదంలో చర్మం లోపలికి దిగబడిన సన్నటి గాడి, ఆ గాడిలో నల్లగా ఒక వెంట్రుక. రక్తం ఎక్కడా లేదు. గింజ కోసం పక్కదానితో కొట్లాట మాత్రం మామూలే. చూసినవాళ్లు ముందు "పాపం" అనుకుంటారు, తర్వాత "అయినా బాగానే బతుకుతోందిలే" అనుకుని తమ దారిన తాము పోతారు. ఆ రెండో మాట ఎంతవరకు నిజమో చూడటమే ఇక్కడి పని.

మానిపోయిన గాయాన్ని చూసి "బాగానే బతికిందిలే" అనుకోవడం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు. అమెరికాలో ఏటా వసంతకాలంలో లైసెన్సు తీసుకుని అడవి టర్కీ కోళ్లను వేటాడతారు. మన పల్లెల్లో అక్కడక్కడా పెంచే టర్కీ కోడికి (సీమకోడి అనేవాళ్లూ ఉన్నారు, గిన్నీ కోడినీ అదే పేరుతో పిలిచేవాళ్లూ ఉన్నారు) అది అడవిలో మిగిలిన చుట్టం. బాగా ఎదిగిన పుంజు పది కిలోలు తూగుతుంది. ఇంటికి తెచ్చి ఈకలు పీకి కోసేటప్పుడు వేటగాళ్లకు ఒక్కోసారి వింతలు కనబడతాయి. రొమ్ము కండలో ఏనాడో దిగి, చుట్టూ గట్టి పొర కట్టుకుని కూర్చున్న సీసపు గుళ్లు. గురి తప్పిన బాణం ములికి. విరిగి, ఎవరూ కట్టు కట్టకుండానే వంకరగా అతుక్కున్న కాలి ఎముక. తల మీద మశూచి పొక్కులు మాని మిగిలిన మచ్చలు. వీటితోపాటు గాయాలు కాని వికృతులు కూడా ఉంటాయి. పుంజు రొమ్ము నుంచి గుర్రపు వెంట్రుకల కుచ్చులా వేలాడే 'గడ్డం' ఒకటి ఉండాల్సిన చోట రెండు మూడు ఉంటాయి, గడ్డం ఉన్న పెట్ట దొరుకుతుంది, పొగరంగు ఈకల పక్షి దొరుకుతుంది. వేటగాళ్లు ఇవన్నీ ఒకరికొకరు చూపించుకుని, చివరికి ఒకే మాట మీదికి వస్తారు: ఈ పిట్ట మొండి ఘటం, దేనికీ చావదు.

వేటగాడి మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చా అన్నది తెలంగాణలో నవ్వు పుట్టించే ప్రశ్నే. ఖాకీ బట్టలు, టోపీ, భుజాన కట్టె తుపాకీతో ఊరూరా తిరుగుతూ కోతలు కోసే పిట్టలదొరను, అదే తుపాకి రాముణ్ణి, చూసి పెరిగిన నేల ఇది. అయితే వేటగాడి కథ వేరు, అతను కోసిన పక్షి శరీరం వేరు. కథ పెరుగుతుంది, శరీరం పెరగదు. అమెరికా అడవి టర్కీల్లో లింఫోప్రొలిఫరేటివ్ వ్యాధి వైరస్ 2009లో మొదటిసారి బయటపడ్డాక, తూర్పు రాష్ట్రాల్లో వేటగాళ్లు కొట్టి తెచ్చిన పక్షుల నుంచి నమూనాలు తీసి పరీక్షించారు. దాదాపు సగం పక్షుల్లో వైరస్ ఉంది. వాటిలో అత్యధికం పైకి నిక్షేపంగా ఉన్నవే, వేటగాడు ఏ అనుమానమూ లేకుండా కూర వండుకునేవే. తల నిండా కణితులతో అడవిలో చచ్చిపడి దొరికినవి చాలా తక్కువ. అంటే కంటికి కనబడే దెబ్బకూ, ఆ జాతి మొత్తం మీద పడుతున్న దెబ్బకూ మధ్య పెద్ద ఎడం ఉంటుంది. ఆ ఎడాన్ని కొలవడం ఎలా అన్నదే అసలు చిక్కు.

మన దగ్గర ఆ కొలత వేటగాళ్ల వల్ల కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపేసింది. హైదరాబాదులోని కర్మన్‌ఘాట్ కూడా ఒకప్పటి వేట అడవేనంటారు. కాకతీయ రెండో ప్రోలరాజు ఇక్కడికి వేటకొచ్చి, అలసి చెట్టు కింద కూర్చున్నప్పుడు రామనామం వినబడి, వెతికితే ధ్యానంలో ఉన్న ఆంజనేయుడి విగ్రహం దొరికిందని, 1143లో గుడి కట్టించాడని స్థలపురాణం. కొద్ది దూరంలో, విజయవాడ రహదారి పక్కనున్న హరిణ వనస్థలి నిజాముల వేట మైదానం. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో దానికి ఆయన పేరు పెట్టారు. అహింసా మూర్తి పేరు వేట మైదానానికి రావడం మన చరిత్ర చేసే చిలిపి పనుల్లో ఒకటి. మొత్తం మీద, పక్షిని కోసి చూసే కత్తి ఇప్పుడు మన చేతిలో లేదు. పశువైద్యుల బల్ల మీదికి వచ్చే పక్షులు, రక్షణ బృందాల అట్టపెట్టెల్లోకి చేరే పక్షులు, ఇక వీధిలో మన కళ్లెదుట తిరిగే పక్షులు, ఇవే మనకున్న సాక్ష్యం. అమెరికా వేటగాడు టర్కీ ఎముకలో చదివేదాన్ని మనం పావురం పాదంలో చదువుకోవాలి.

చదవడానికి ముందు అక్షరాలు తెలియాలి. పక్షి ఎముక మన ఎముక కంటే తొందరగా అతుక్కుంటుంది. విరిగిన కొసలు కదలకుండా ఉంటే మూడు వారాల్లో గట్టిపడుతుంది. కదిలినా అతుక్కుంటుంది గానీ వంకరగా, పక్కన ఒక గడ్డలా ఎముక పోసుకుని అతుక్కుంటుంది. చర్మం కింద వేలితో తడిమితే తగిలే ఆ గడ్డే పాత విరుపుకు గుర్తు. కొత్త గాయానికి తడి ఉంటుంది, వాపు ఉంటుంది, చుట్టుపక్కల ఈకలు అట్టకట్టి ఉంటాయి. పాత గాయం దగ్గర చర్మం మూసుకుపోయి నున్నగా ఉంటుంది. వేలు ఊడటం మరీ నిశ్శబ్దంగా జరుగుతుంది. దారమో వెంట్రుకో వేలికి చుట్టుకుంటుంది. పావురం రోజంతా నేల మీద నడిచే పిట్ట కాబట్టి అడుగడుగునా ముడి బిగుస్తుంది. ముక్కుతో లాగుతుంది, లాగితే ఇంకాస్త బిగుస్తుంది. రక్తం అందని కొస ఉబ్బుతుంది, నల్లబడుతుంది, ఎండుమిరపకాయలా వడిలి ఒకరోజు రాలిపోతుంది. దారం కూడా వేలితోపాటే రాలిపోతుంది. ఇక మిగిలేది నున్నటి మొండి. సాక్ష్యాన్ని తనతోపాటే తీసుకుపోయే నేరం ఇది. అందుకే దాని మీద ఇన్ని ఊహలు.

పిట్ట మొండిదనే వాదన ఎక్కడ జారుతుందో ఇప్పుడు చూద్దాం. వేటగాడికి దొరికిన టర్కీ, దెబ్బ తిని బతికిన టర్కీ. దెబ్బ తిని చచ్చిన టర్కీని నక్కలు, పురుగులు ఎప్పుడో తినేశాయి. అది అతని బల్ల మీదికి రాదు. బల్ల మీదికి వచ్చిన పక్షుల్ని మాత్రమే లెక్కేసి "ఈ జాతికి గాయం ఒక లెక్కే కాదు" అనడం, పరీక్ష పాసైన పిల్లల్ని మాత్రమే అడిగి ప్రశ్నపత్రం సులువని తేల్చడం లాంటిది. ఈ తప్పును లెక్కల్లో పట్టుకున్నవాడిగా ఏబ్రహాం వాల్డ్ పేరు చెబుతారు. రెండో ప్రపంచయుద్ధంలో, 1943 ప్రాంతంలో, కొలంబియా విశ్వవిద్యాలయంలోని గణాంకవేత్తల బృందంలో ఉండి, తూటా రంధ్రాలతో తిరిగొచ్చిన యుద్ధవిమానాల లెక్కను తలకిందులు చేశాడు. తిరిగొచ్చిన విమానాల్లో రంధ్రాలు తక్కువగా కనబడే భాగాలే అసలు ఆయువుపట్లు, ఎందుకంటే అక్కడ దెబ్బ తిన్నవి తిరిగి రాలేదు. ఆ వాల్డే 1950 డిసెంబరులో ఉపన్యాసాలకని మన దేశం వచ్చి, నీలగిరుల్లో విమానం కూలి భార్యతో సహా చనిపోయాడు.

ఇదే చిక్కును ఇంకా లోతుగా తవ్వినవాడు మన తెలుగువాడే. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో దశాబ్దాలు పనిచేసిన సి.ఆర్. రావు (1920-2023) చాలా మందికి పేరుగా తెలుసు. గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేర ఒక సంస్థ కూడా ఉంది. కానీ ఆయన ఏం తేల్చాడో పత్రికల్లో అరుదుగా వస్తుంది. 1960లలో ఆయన పట్టించుకున్న విషయాల్లో ఒకటి ఇది: అసలు సంఖ్యలో కొంత నాశనమైపోయి, మిగిలినదే మన కంటపడినప్పుడు, ఆ మిగులును బట్టి అసలును ఎలా ఊహించాలి? 1964లో హెర్మన్ రూబిన్‌తో కలిసి దీని మీద ఒక సిద్ధాంతం రాశాడు. మరుసటేడు, అన్ని సంఘటనలకూ మన కంటపడే అవకాశం సమానంగా లేనప్పుడు లెక్కకు ఎలా బరువులు కట్టాలో రాశాడు. గణితం మాట అటుంచితే ఆ ఆలోచన వంటింటికి కూడా పనికొస్తుంది: నీ చేతికి వచ్చిన నమూనా నీ చేతికి ఎలా వచ్చిందో ముందు అడుగు. మొండివేలి పావురం మన కంటికి వచ్చింది బతికింది కాబట్టి. రానివి ఎన్ని అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం గద్దను, పావురాన్ని పక్కపక్కన పెడితే కొంత దొరుకుతుంది. టర్కీ కోడి ప్రధానంగా నడిచే పక్షి. రెక్క వంకరగా అతుక్కున్నా అడవిలో గింజలూ పురుగులూ ఏరుకుని ఏడాది గడుపుతుంది. పావురం ఒక కాలి వేళ్లు పోయినా గుంపుతో పాటు నేల మీద గింజ ఏరుకుంటుంది. గద్ద అలా కాదు. దాని తిండి గాలిలో ఉంది. రెక్క ముందంచున భుజం నుంచి మణికట్టు దాకా సాగే పల్చటి చర్మపు పొర ఒకటుంటుంది. రెక్క చాచినప్పుడు గాలిని కోసేది అదే. పతంగుల మాంజా కోసేదీ ఎక్కువగా దాన్నే. దూదిలో కత్తెర పెట్టినట్టు పొర చీలిపోతుంది, కింద కండ, నరం తేలుతాయి. కుట్లు వేసినా, మానే చోట చర్మం ముడుచుకుపోతే రెక్క పూర్తిగా చాపుకోలేదు. చాపలేని గద్ద వారంలో ఆకలితో చస్తుంది, లేదా మిగతా జీవితం పంజరంలో గడుపుతుంది. కాబట్టి హైదరాబాదు ఆకాశంలో పాత గాయాల గద్దలు అరుదుగా కనబడితే, గద్దలకు దెబ్బలు తక్కువని అనుకోవడానికి వీల్లేదు. వాల్డ్ విమానాల లెక్కే ఇక్కడా. గాయాల పావురాలు ఎక్కువ కనబడటానికి కారణం పావురం గాయంతో బతకగలగడం. గాయాల గద్దలు కనబడకపోవడానికి కారణం గద్ద బతకలేకపోవడం. దారం మాత్రం రెంటికీ ఒకటే.

ఆ దారం లెక్క సంక్రాంతితో మొదలవుతుంది. పండక్కి నాలుగు రోజుల ముందు ఎల్.బి. నగర్ కూడలి విజయవాడ వైపు వెళ్లేవాళ్ల సంచులతో, బస్సుల హారన్లతో నిండిపోతుంది. ఊరికి పోనివాళ్లు మిద్దెలెక్కుతారు. చంపాపేట నుంచి మీర్‌పేట దాకా ప్రతి డాబా మీదా చరఖా తిప్పే చెయ్యి ఒకటి, పతంగి తెగినప్పుడల్లా "అఫా" అనే అరుపు ఒకటి. తెగిన పతంగి ఎవరికో దొరుకుతుంది. దాని వెనక వేలాడిన దారం వేపచెట్టు మీదో, కరెంటు తీగల మీదో, సెల్ టవరు కమ్మీల మీదో పడుకుంటుంది. నూలు దారమైతే ఒక వానాకాలానికి పీచైపోతుంది. గాజుపొడి పూసిన నైలాన్ మాంజాకు వాన ఒక లెక్క కాదు. పండగ మూడు రోజులే, దారం ఉండేది ఏడాది. మార్చిలోనో ఏప్రిల్లోనో గూడు కట్టే పుల్ల కోసం వచ్చిన కాకి కాలికి చుట్టుకునేది జనవరి దారం. పండగ నాటి దెబ్బల్ని పత్రికలు రాస్తాయి, రక్షకులు వలలు పట్టుకుని తిరుగుతారు. ఆ తర్వాత పదకొండు నెలల దెబ్బలకు తేదీ ఉండదు, వార్త ఉండదు. అవి మనకు కనబడేటప్పటికే పాత గాయాలు.

వేరే దేశాల సాక్ష్యం కూడా ఇదే దారిలో ఉంది. 1822లో జర్మనీలో క్లూట్జ్ అనే ఊరి దగ్గర ఒక తెల్ల కొంగను కొట్టారు. దాని మెడలోంచి దాదాపు ముప్పావు మీటరు పొడవున్న ఈటె దూసుకుపోయి ఉంది. ఆ కర్ర మధ్య ఆఫ్రికాది. శీతకాలంలో కొంగలు ఎక్కడికి పోతాయో యూరపుకు తెలియని కాలమది. చెరువుల అడుగున నిద్రపోతాయన్నవాళ్లు కూడా ఉన్నారు. మెడలో ఈటెతో వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన ఆ పక్షి వాదన తేల్చేసింది. రోస్టాక్ విశ్వవిద్యాలయంలో అది ఇప్పటికీ ఈటెతో సహా ఉంది. అందరూ దాని మొండితనాన్నే మెచ్చుకుంటారు. నాకు మాత్రం అడగాలనిపించేది, ఆఫ్రికాలో ఈటె తగిలి జర్మనీ చేరని కొంగలెన్ని అని. దానికి సగం జవాబు లాంటిది బ్రిటన్‌లో దొరికింది. శీతకాలానికి ఆర్కిటిక్ నుంచి వచ్చే బెవిక్ హంసల్ని ఎక్స్‌రే తీస్తే 31 శాతం పక్షుల ఒంట్లో సీసపు గుళ్లున్నాయి. అవి ఎగిరొచ్చే దారి పొడవునా ఏ దేశంలోనూ వాటిని కొట్టడానికి అనుమతి లేదు. పైకి తెల్లగా, నిండుగా ఉన్న హంసలే. దాదాపు ప్రతి మూడింట ఒకటి తుపాకీ దెబ్బ తిని వచ్చిందంటే, రానివాటి సంగతి ఊహకే వదిలేయాలి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. పావురం వేళ్లు పోవడానికి దారమే కారణమని ఎలా అంటారు, రోగం కావచ్చు కదా, తన రెట్టలో తానే నిలబడి పాదాలు పుండ్లు పడి ఉండవచ్చు కదా అని. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. పక్షులకు అరికాలి పుండ్లు వస్తాయి, మశూచి పొక్కులు కాళ్ల మీదా లేస్తాయి. దీన్ని తేల్చడానికి ఫ్రెడెరిక్ జిగె బృందం పారిస్ నగరంలో 46 చోట్ల పావురాల కాళ్లను లెక్కపెట్టి, 2019లో ఫలితాలు ప్రచురించింది. వాళ్ల తర్కం నచ్చేలా ఉంటుంది. ముదురు రంగు ఈకల పావురాలకు రోగనిరోధక శక్తి ఎక్కువని ముందే అంటున్నారు. వేళ్లు పోవడం రోగం వల్లే అయితే ముదురు పావురాలకు వేళ్లు ఎక్కువ మిగలాలి. మిగల్లేదు, రంగుతో సంబంధమే కనబడలేదు. చిన్నవయసు పావురాలకు ఈ నష్టం లేదు, పెద్దవాటికే ఉంది. అంటే పుట్టుకతో వచ్చింది కాదు, బతికేకొద్దీ తగిలేది. ఇక వేళ్లు ఎక్కువగా పోయింది గాలి, శబ్ద కాలుష్యం ఎక్కువున్న పేటల్లో. పచ్చదనం ఉన్నచోట తక్కువ వైపు మొగ్గింది. అన్నిటికంటే చిత్రంగా, క్షౌరశాలలు దట్టంగా ఉన్నకొద్దీ వేళ్ల నష్టం పెరిగింది. చెత్తతోపాటు వీధిన పడే జుట్టే ఉచ్చు కావచ్చు.

పారిస్ మాట కర్మన్‌ఘాట్‌కు అలాగే అతుకుతుందని అనడం తొందరపాటు. మన వీధి వేరు, మన చెత్త వేరు. అయినా ఉచ్చు కాగల దారం మన దగ్గర ఎన్ని రకాలో చూస్తే పారిస్ బీదదనిపిస్తుంది. సెలూన్లు, బ్యూటీ పార్లర్లు ఉన్నాయి సరే. దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణాల ముందు, సందు సందునా ఉన్న టైలరు మిషన్ల కింద కత్తిరించి పారేసిన పోగులున్నాయి. మంగళవారం, శనివారం ఆంజనేయుడికి వేసే తమలపాకుల దండల, వడమాలల, పూలదండల దారం ఉంది. ఆకు వాడిపోతుంది, వడ ప్రసాదమైపోతుంది, దారం మిగులుతుంది. బియ్యం బస్తా మూతి కుట్టిన పురికొస, కొబ్బరి పీచు, అన్నిటికీ పైన మాంజా. భక్తితో గింజలు చల్లే చోటు, దారం రాలే చోటు ఒకటే కావడం పావురం దురదృష్టం. పాత కాలపు అలవాటు ఒకటి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. తల దువ్వుకున్న చిక్కు వెంట్రుకల్ని ఉండచుట్టి గోడ సందులో దాచి, వెంట్రుకలు కొనేవాడు వీధిలోకి వచ్చినప్పుడు ఇచ్చి స్టీలు గిన్నెకో పీచుమిఠాయికో మార్చుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ బేరం పావురాల కోసం పెట్టుకున్నది కాకపోయినా, నేల మీద వెంట్రుక పడనివ్వకపోవడంలో దాన్ని మించిన పారిశుధ్య పథకం ఇంకా రాలేదు.

ప్రకృతిలో దెబ్బలు మామూలే కదా, మనిషి లేని అడవిలో కూడా టర్కీలకు కాళ్లు విరుగుతాయి కదా అనేది ఇంకో వాదన. నిజమే. పుంజులు పోట్లాడుకుంటాయి, డేగ పడుతుంది, పిల్లి పంజా విసురుతుంది. పుట్టుకతో వచ్చే వికృతులు సరేసరి. గడ్డం ఉన్న టర్కీ పెట్టకు గానీ, రెక్కలో రెండు తెల్ల ఈకలతో పుట్టి "తెల్లకాకి" అనే సామెతను అబద్ధం చేసే కాకికి గానీ ఎవరూ బాధ్యులు కారు. కానీ ఈ దెబ్బలకు ముఖం ఒకటి కాదు. డేగ గోరు లోతైన గాటు పెడుతుంది, పిల్లి పన్ను జంట రంధ్రాలు పెడుతుంది, పుట్టుకతో వచ్చిన వంకర తరచు రెండు వైపులా సమానంగా ఉంటుంది, గూట్లోనే కనబడుతుంది. చుట్టూ గిరి గీసినట్టు గాడి పడి, దాని అవతల కొస మాత్రమే చచ్చిపోవడం ఉచ్చు చేసే పని. అడవిలో అలాంటి ఉచ్చు అరుదు. పాత గాయాన్ని శ్రద్ధగా చూడటం వల్ల లాభమే ఇది. అన్నిటికీ మనిషిని తిట్టే అవసరం తప్పుతుంది, మనిషి చేసిన దాన్ని ప్రకృతి ఖాతాలో రాసే సౌకర్యమూ తప్పుతుంది.

మూడో అభ్యంతరం అపార్టుమెంట్లలో ఉండేవాళ్లది. బాల్కనీ నిండా రెట్ట, ఏసీ యూనిట్ వెనక గూడు, వలలు కట్టించుకోవడానికి వేలు ఖర్చు. ఆ రెట్ట, ఈకల పొడి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని వైద్యులు చెబుతున్నది కూడా నిజమే. ఇన్ని పావురాలుండగా నాలుగింటికి వేళ్లు పోతే ఏమైంది అని అడిగేవాళ్లను కఠినులనలేం. పావురాల సంఖ్య తగ్గాలనుకుంటే గింజలు చల్లడం తగ్గించాలి, అది వేరే చర్చ, అవసరమైన చర్చ. దారం ఆ పని చేయదు. అది పావురాన్ని చాలాసార్లు చంపకుండా కుంటిని చేసి వదిలేస్తుంది, కుంటి పావురం కూడా గుడ్లు పెడుతుంది. దారం చంపేది గుడ్లగూబను, గద్దను, చిలకను, చెరువు వైపు ఎగిరే కొంగను. పావురం వేలు ఇక్కడ పాఠ్యం మాత్రమే, పరీక్ష రాసేది మిగతా పక్షులు. ఆ మాటకొస్తే మనుషులు కూడా. 2024 సంక్రాంతికి లంగర్‌హౌజ్ దగ్గర బండి మీద వెళ్తున్న సైనికుడి గొంతు తెగి ప్రాణం పోయింది ఇదే దారంతో.

నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దేశమంతటా నిషేధించింది. ఆ తర్వాత కూడా ప్రతి జనవరిలో పోలీసులు చరఖాలు పట్టుకోవడం, అవి మళ్లీ దొరకడం జరుగుతూనే ఉంది. నిషేధం పనిచేస్తోందా లేదా అన్నదానికి మన దగ్గర ఉన్న లెక్క పట్టుబడిన చరఖాల లెక్క, పండగ మూడు రోజుల్లో రక్షించిన పక్షుల లెక్క. రావుగారి ప్రశ్న వేస్తే రెండూ నిలవవు. రక్షకులు ఎక్కువైతే రక్షించిన పక్షులు ఎక్కువవుతాయి, దాడులు పెరిగితే చరఖాలు పెరుగుతాయి. దెబ్బ తగ్గిందో పెరిగిందో వాటిలో ఉండదు. అంతకంటే నమ్మదగ్గ కొలమానం పైసా ఖర్చు లేకుండా కర్మన్‌ఘాట్ గుడి ముందు నడుస్తోంది. జనవరి మొదటి వారంలో ఒక చోట వంద పావురాల పాదాలు లెక్కపెట్టి, మార్చిలో అదే చోట, అదే వేళకు మళ్లీ లెక్కపెడితే, చేతికొచ్చిన నమూనా రెండుసార్లూ ఒకే దారిన వచ్చినదవుతుంది. లెక్కపెట్టేవాళ్లు గాడి కనబడేదాన్ని, నున్నటి మొండిని వేరువేరుగా రాసుకోవాలి. మొదటిది ఇప్పుడు జరుగుతున్న దెబ్బ, రెండోది జరిగిపోయింది. పెద్దవాటినీ పిల్లవాటినీ కలపకూడదు. గుర్తుపట్టడం కష్టం కాదు. పెద్ద పావురానికి ముక్కు మొదట్లో సున్నం అద్దినట్టు తెల్లటి కండ ఉంటుంది, కన్ను నారింజ రంగు. గూడు దిగి కొద్ది వారాలే అయినదానికి ఆ కండ ఇంకా బూడిదరంగులో ఉంటుంది, కన్ను గోధుమరంగులో ఉంటుంది, మెడ మీద మెరుపు రాదు. అలాంటి దాన్ని ఒకదాన్ని ముందు వెతికి పట్టుకుని దాని వేళ్లు లెక్కపెట్టాలి. ఎనిమిదీ ఉంటే, అక్కణ్నుంచి పెద్దవాటి వైపు తిరగాలి.